భయం ఎవరి మీద పడుతుంది?

బోధన్‌లో రాకాసిపేట అని ఒక పేట ఉంది. భారతంలోని ఏకచక్రపురం మా బోధనేనని, బకాసురుడు కాపురమున్నది ఆ రాకాసిపేటలోనేనని మా దిక్కు పెద్దలు చెప్పుకుంటారు. ఏకచక్రపురం మాదంటే మాదని చెప్పుకునే ఊళ్లు దేశంలో ఇంకా ఉన్నాయి. ఆ తగవు చరిత్రకారులు చూసుకుంటారు. చెరుకు పల్లెలో పుట్టిన నాకు మాత్రం ఊహ తెలిశాక విన్న మొదటి భయానక కథ అది.

రోజుకొక ఇంటి వంతు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకుపోయే మనిషి. బకాసురుడు అన్నమూ తింటాడు, దున్నపోతులనూ తింటాడు, తోలుకొచ్చినవాణ్నీ తింటాడు. అమ్మమ్మ ఈ కథ చెబుతున్నప్పుడు బయట బాట మీద బోధన్ షుగర్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు రాత్రి పొడుగునా సాగుతుండేవి. ఎద్దుల మెడగంటల చప్పుడు మంచం దాకా వినిపించేది. ఆ బండ్లూ కథలోని బండీ నా బుర్రలో ఒకటైపోయాయి. ఫ్యాక్టరీ గొట్టం నుంచి పొగ వస్తే బకాసురుడి పొయ్యి అనుకునేవాణ్ని. (1937లో నిజాం కాలంలో పుట్టిన ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ మెడగంటలు ఎరగని పిల్లలు ఇప్పుడు నా తరగతిలో కూర్చుంటున్నారు.)

తెలుగు ఎమ్మే చేస్తున్న రోజుల్లో ఆదిపర్వం దగ్గర పెట్టుకుని ఆ కథను మళ్లీ చదివాను. అమ్మమ్మ చెప్పని సంగతి ఒకటి అందులో కనిపించింది. బకుడు ఊరికే మీదపడి తినేవాడు కాదు. శత్రువుల నుంచి ఆ ఊరిని కాపాడేవాడు వాడే. బండెడు అన్నమూ మనిషీ ఆ కాపలాకు జీతం. రాజు చేతకానివాడు కనుక ఊరు ఆ జీతం కడుతోంది. వంతు వచ్చిన ఇంట్లో నేను పోతానంటే నేను పోతానని తండ్రీ తల్లీ కూతురూ ఏడుస్తుంటే, మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపోచ పట్టుకుని దీనితో రాక్షసుణ్ని చంపుతానంటాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేది అక్కడే, బకుడి కోరల దగ్గర కాదు.

ఆ కథలో కావలసినంత భయం ఉంది. అయితే ఆ భయం ఎవరి మీద పడాలో కథకు తెలుసు. తినేవాడి మీద పడుతుంది. బండి తోలుకుపోయేవాడి మీద జాలి పుడుతుంది. మార్క్స్ 'పెట్టుబడి'లో రక్తం పీల్చే పిశాచం పోలిక ఎందుకు ఎంచుకున్నాడో బోధన్ దిక్కు పిల్లవాడికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. హారర్ పేరుతో ఇవాళ వస్తున్న నవలలనూ బొమ్మల కథలనూ తూచడానికి నేను వాడుకునే తూకంరాయి ఈ కథ నుంచి వచ్చిందే. దయ్యాలు ఉన్నాయా లేవా అన్న ప్రశ్నతో విమర్శ ఆగిపోకూడదు. ఈ పుస్తకం మూసేశాక పాఠకుడు ఎవరిని చూసి జడుసుకుంటాడు? అది అడగాలి.

నా తరం పిల్లలందరిలాగే నేనూ బొమ్మల్లోనే భయాన్ని మొదట చూశాను. 'చందమామ'లో భుజాన శవం, చేత కత్తితో నడుస్తున్న విక్రమార్కుణ్ని శంకర్ బొమ్మలో చూసి, ఆ పేజీ తిప్పడానికి భయపడి, తిప్పకుండా ఉండలేక తిప్పినవాణ్ని. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లకు చిత్ర వేసిన రాక్షసులూ మాంత్రికులూ ఇంకా కళ్లముందున్నారు. ఆయన ఒక సీరియల్ పేరు 'రాకాసిలోయ'. అది రాకాసిపేట పక్కనే ఉంటుందని చాలాకాలం నమ్మాను.

ఇక్కడ మన అభ్యుదయ విమర్శకులు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఇన్ని దయ్యాలనూ భేతాళులనూ ఇంటింటికీ పంపిన ఆ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపిన కలం కొడవటిగంటి కుటుంబరావుది. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘానికి ఉపాధ్యక్షుడైన కుటుంబరావే! తన నవలల్లో మధ్యతరగతి మనిషి లోపలి భయాలను ఒక్కొక్కటే విప్పిన మనిషి, నెలనెలా పిల్లల కోసం భేతాళుణ్ని చెట్టెక్కించాడు. ఇది పొట్టకూటి కోసం చేసిన రాజీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. భేతాళుడు భయపెట్టి ఊరుకోడు, ప్రశ్న వేస్తాడు. తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుందంటాడు. భుజం మీది శవంతో న్యాయాన్యాయాలు వాదించాలి. ఆ భయం పిల్లవాణ్ని ఆలోచించమంటుంది తప్ప పొరుగింటి ముసలమ్మను అనుమానించమని చెప్పదు. 'చందమామ' ఆగిపోయి పదేళ్లు దాటింది. దాన్ని చదివి ఎవరూ ఎవరి పళ్లూ ఊడగొట్టలేదు.

పళ్ల మాట ఊరికే రాలేదు. నన్ను ముప్పై ఏళ్లుగా వదలని విషయం అది. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

మా జిల్లాలో బీడీలు చుట్టని వాడ లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పది పన్నెండుమంది ఆడవాళ్లు మా అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం, మూతి మడవడం. చేతులకు తీరిక ఉండదు, చెవులు ఖాళీ. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న నన్ను, "ఏమన్న చదువు బిడ్డా, పొద్దు పోతది" అనేవాళ్లు. 1993 ఎండాకాలం అది. బోధన్‌లో అద్దె పుస్తకాల దుకాణం ఉండేది, రోజుకు అర్ధరూపాయి. అక్కడి నుంచి అట్ట ఊడిపోయిన 'తులసిదళం' తెచ్చాను. యండమూరి వీరేంద్రనాథ్ నవల. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి రాష్ట్రమంతా ఊపేసిన నవల, నా చేతికి వచ్చేసరికి పదేళ్లు పాతబడిపోయింది. మా అరుగుకు మాత్రం కొత్తదే.

నిజం చెప్పాలి. అంతకు ముందుగానీ తరువాతగానీ ఏ పుస్తకమూ నన్ను అలా పట్టుకోలేదు. డబ్బు కోసం ఒక పసిపిల్ల మీద చేతబడి చేయిస్తారు. రోజులు లెక్కపెట్టుకుంటూ కథ పరుగెడుతుంది. ఒకపక్క డాక్టర్లు, ఒకపక్క మంత్రగాళ్లు. ఎక్కడ ఆపాలో, ఏ వాక్యం దగ్గర ఊపిరి బిగబట్టించాలో ఆ రచయితకు తెలిసినంతగా తెలుగులో కొద్దిమందికే తెలుసు. ఈ నైపుణ్యాన్ని ఒప్పుకోకుండా ఆ నవలను తిట్టడం విమర్శకుడికి మర్యాద కాదు. నేను చదువుతుంటే చాటల్లో చేతులు ఆగిపోయేవి. వెయ్యి బీడీల లెక్క తప్పుతుందని తెలిసీ ఆగిపోయేవి.

అదే నెలలో మా వాడలో రెండేళ్ల పిల్లవాడికి జ్వరం తగిలి, కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. "గా పుస్తకంల పిల్లకు అయినట్లే అయితున్నది గదా" అంది ఒకామె. అంతే. ఆ రాత్రి నన్ను పిలిచారు. "నీకు ఎరుకే గదరా, ఎట్ల కనిపెట్టాలె? గుర్తులు ఏముంటయి?" అని పెద్దమనుషులు నన్ను అడిగారు. పద్నాలుగేళ్లవాణ్ని, ఊరి పెద్దలు నా నోటివైపు చూస్తున్నారు. నవలలో ఉన్నవి కొన్నీ, లేనివి కొన్నీ కలిపి చెప్పాను. వాడ చివర ఒంటరిగా ఉండే ఒక ముసలామె ఇంటికి పోయారు. నాటువైద్యం తెలిసిన మనిషి, మా వాడలో సగం కాన్పులు ఆమె చేతి మీదివే. ఉట్టి మీద నిమ్మకాయలు, పసుపు దొరికాయి. ఏ ఇంట్లో దొరకవు అవి?

బాణామతి చేసేవాళ్ల పళ్లు ఊడగొడితే మంత్రం నోట సరిగా పలకదని, పలకకపోతే పారదని మా దిక్కు నమ్మకం. మెదక్, నిజామాబాద్ జిల్లాల్లో ఈ పేరు మీద పళ్లు పోయినవాళ్లున్నారు, సజీవంగా కాలిపోయినవాళ్లున్నారు. పత్రికలు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. ఆమెకు రెండు పళ్లు పోయాయి. తెల్లారేసరికి ఇల్లు విడిచి మంజీర దాటి మహారాష్ట్రలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోయిందన్నారు. పిల్లవాణ్ని నాలుగో రోజున నిజామాబాద్ పట్నం తీసుకుపోతే, జ్వరం తలకెక్కి వచ్చిన ఫిట్స్ అని చెప్పి మందులిచ్చారు. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ఆమె మళ్లీ రాలేదు.

ఆ నవలే ఈ పని చేయించిందని నేను అనను. అలా అనడం తప్పించుకోవడం అవుతుంది. నవల పుట్టకముందే బాణామతి ఉంది, పళ్లు ఊడగొట్టడమూ ఉంది, ఆ ఒంటరి మనిషి మీద వాడకు లోలోపల అనుమానమూ ఉండే ఉంటుంది. నోరు విప్పింది నేను. నవల ఇచ్చింది ఒక్కటే: అచ్చు. అంతవరకు గుసగుసగా ఉన్నది "పుస్తకంల రాసున్నది" అయింది. అక్షరం రానివాళ్ల మధ్య అచ్చు ఎంత బరువైనదో, అక్షరం వచ్చిన మనకు అర్థం కాదు.

'తులసిదళం' మీద అప్పట్లోనే రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని నిర్మొహమాటంగా రాశారు. ఆ నవలకు ముందుమాట రాసిన డాక్టరు, నవలాకారుడు కొమ్మూరి వేణుగోపాలరావు పరువునష్టం దావా వేయడంతో వ్యవహారం కోర్టుకెక్కింది. నేను ఆ విమర్శ చదివింది ఆ ఎండాకాలం తరువాత ఎన్నో ఏళ్లకు. ముందే చదివి ఉంటే? మా అరుగు మీదికి ఆ పుస్తకం వచ్చే దారి లేదు. అద్దె దుకాణంలో 'తులసిదళం' మూడు కాపీలున్నాయి, దాని విమర్శ ఒక్కటీ లేదు.

ఆ నవలను సమర్థించేవాళ్లు చెప్పే మాట ఒకటుంది. రచయిత రెండు వాదాలూ ముందు పెట్టాడు, వైద్యమూ చెప్పాడు, మంత్రమూ చెప్పాడు, ఏది నమ్మాలో పాఠకుడికే వదిలేశాడని. కాగితం మీద ఇది పెద్దరికంగానే కనిపిస్తుంది. కానీ తక్కెడ ఎక్కడ పెట్టి తూచుతున్నామో చూడాలి గదా! డాక్టరు నాలుగు రోజుల దూరంలోనూ, మంత్రగాడనే అనుమానం నాలుగిళ్ల దూరంలోనూ ఉన్న వాడలో ఆ రెండు పళ్లేలూ సమానంగా నిలవవు. ఇంకో సంగతి. చేతబడి చేయించేది డబ్బాశ పడినవాళ్లు. కానీ చదివేవాడి వెన్నులో చలి పుట్టించేది అడవిలోని మంత్రగాడు. చేయించినవాడి మీద కోపం రెండు పేజీల్లో చల్లారుతుంది, చేసినవాడి మీద భయం రాత్రంతా నిద్రపోనివ్వదు. భయం దారి తప్పేది అక్కడే. బకాసురుణ్ని వదిలేసి బండివాణ్ని చూసి జడుసుకున్నట్టు.

ఈ దారి తప్పడం ఆ ఒక్క నవలతో ఆగలేదు. 2023లో వచ్చిన 'విరూపాక్ష' సినిమాను నా విద్యార్థులు నాలుగేసిసార్లు చూశారు. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను ఊరంతా కలిసి తగలబెట్టడంతో అది మొదలవుతుంది. ఆ మంట చూసి, ఎట్టకేలకు మా దిక్కు కథ ఒకటి తెరకెక్కిందని ఆశపడ్డాను. కథ ముందుకు పోయేకొద్దీ క్షుద్రశక్తి నిజమేనని తేలుతుంది. అంటే తగలబెట్టినవాళ్ల అనుమానం సరైనదే అయిపోయింది. హాలు బయటికి వస్తూ ఒక పిల్లవాడు నన్ను అడిగాడు: "సార్, బాణామతి ఉంటదా?" లేదురా అన్నాను. వాడు నమ్మలేదు.

నమ్మకపోవడంలో వాడి తప్పు లేదు. మన వైపు నుంచి వాడికి అందినది "లేదు" అనే ఒక్క మాటే. మూఢనమ్మకం, విషం, వ్యాపారం అని మూడు ముద్రలు కొట్టి చేతులు దులుపుకున్నాం. మనిషి ఎందుకు భయపడతాడో రాసే పని వ్యాపార నవలకు అప్పగించేశాం. భయం మీద తెలుగులో వచ్చిన గొప్ప నవల రావిశాస్త్రి 'అల్పజీవి'. అందులో దయ్యం లేదు, సాటి మనుషులను చూసి వణికే ఒక చిరుద్యోగి ఉన్నాడు. ఆ దారిన ఎంతమంది నడిచారు? లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు ఎక్కువే.

ఇక బొమ్మల నవలల సంగతి. గ్రాఫిక్ నవల అంటే నాకు మొదట్లో చిన్నచూపే ఉండేది. చదవడం రానివాళ్ల చదువు అనుకునేవాణ్ని. ('చందమామ' బొమ్మలకు వణికినవాణ్ని ఇలా అనుకోవడం వింతే. ఎమ్మే పట్టా చేసే పనుల్లో ఇదొకటి.) ఒక మిత్రుడిచ్చిన 'బేర్‌ఫుట్ జెన్' ఆ చిన్నచూపు వదిలించింది. హిరోషిమా మీద బాంబు పడిననాటికి రచయిత కెయిజీ నకజావా ఆరేళ్ల పిల్లవాడు. బతికి బయటపడి, 1973లో ఈ బొమ్మల కథ మొదలుపెట్టాడు. బాంబు పడిన తరువాతి పేజీలను నేను ఒక్క కూర్చోలో చదవలేకపోయాను. చర్మం వేలాడుతున్న మనుషులు నడిచి వస్తుంటారు. ఏ దయ్యం బొమ్మా అంత భయపెట్టలేదు. అయినా ఆ రాత్రి నేను చీకటిని చూసి భయపడలేదు. బాంబు వేసినవాళ్లను, దాన్ని తయారుచేసినవాళ్లను తలచుకుని భయపడ్డాను.

ఆ తరువాత హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో 'భీమాయన' దొరికింది. 2011లో నవయాన ప్రచురించిన ఇంగ్లీషు పుస్తకం. శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ కథ కూర్చారు. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లవి. ఇద్దరూ పర్ధాన్ గోండు చిత్రకారులు. అంబేడ్కర్ అనుభవించిన అంటరానితనమే వస్తువు.

అందులోని నీళ్ల కథను, అంబేడ్కర్ తానే రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'తో పక్కపక్కన పెట్టుకుని చదివాను. 1901. పదేళ్ల భీముడు, అన్నతోనూ అక్క కొడుకుతోనూ కలిసి కొత్త బట్టలు కట్టుకుని తండ్రి దగ్గరికి బయల్దేరతాడు. రైలు దిగితే తీసుకుపోవడానికి ఎవరూ రారు. మహార్ పిల్లలని తెలిసి స్టేషన్ మాస్టరు మొహం మారిపోతుంది. బండివాళ్లెవరూ రానంటారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకుంటాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడు. చీకటి పడుతుంది. మూటలో అన్నం ఉంది, తాగడానికి చుక్క నీళ్లు లేవు, అడిగితే పోసేవాడు లేడు. ఒంటి మీద నగలున్న పిల్లలు. ఈ బండివాడు మమ్మల్ని నిర్మానుష్యంగా ఉన్నచోటికి తీసుకుపోయి చంపేస్తాడేమోనని వాళ్లకు భయం పట్టుకుంటుంది. ఎక్కడో దూరంగా ఒక దీపం.

భయానక కథకు కావలసిన సరంజామా అంతా ఇందులో లేదూ? రాత్రి, తెలియని బాట, అనుమానం గొలిపే బండివాడు, దూరాన దీపం. ఇదే సరంజామా వ్యాపార రచయిత చేతికి ఇస్తే బండివాడికి కోరలు మొలిపించేవాడు. ఇక్కడ దీపం దగ్గరికి చేరాక కూడా నీళ్లు దొరకవు. ఆ పిల్లలను భయపెడుతున్నది ఒక మనిషి మాత్రమే కాదు, నీళ్లు పోయని ఊళ్లన్నీ కలిసి భయపెడుతున్నాయి. నాకు మళ్లీ చెరుకు బండ్ల చప్పుడు వినిపించింది. ఆ బండ్లలో మా వాడ పిల్లలెవరైనా దాహంతో పోయారా అని మొదటిసారి ఆలోచించాను.

బొమ్మల పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. మామూలు బొమ్మల కథల్లో పేజీని గళ్లుగా కోసి మనుషులను వాటిలో పెడతారు. వ్యామ్ దంపతులు ఆ గళ్లు వద్దన్నారు. తమ ఇళ్ల గోడల మీదా నేల మీదా వేసుకునే దిగ్నా ముగ్గుల్లాంటి గీతలతోనే పేజీని విడదీశారు. మాటలు రాసే బుడగలు రెండు రకాలు. మంచివాళ్ల మాటలు, బాధపడేవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కులం విషం కక్కే మాటలకు తేలు కొండి ఉంటుంది. నాకు ఈ ఏర్పాటు మొదట మరీ సులువుగా, ముందే తీర్పు చెప్పేసినట్టుగా తోచింది. మంచి రచన తీర్పును పాఠకుడికి వదలాలి గదా అనుకున్నాను. వెంటనే గుర్తొచ్చింది, 'తులసిదళం' సమర్థకుల మాట కూడా అదేనని! కొన్ని మాటలకు కొండి ఉందని గీసి చూపడమే న్యాయం.

ఆ పుస్తకాన్ని బడికి తీసుకుపోయి తొమ్మిదో తరగతి పిల్లలకు నేను తెలుగులో చెబుతూ బొమ్మలు చూపించాను. ఎనిమిది రోజులు పట్టింది. ఏడో రోజున వెనక బెంచీ పిల్లలు ముందుకు వచ్చి కూర్చున్నారు. అది అయ్యాక, మీరు భయపడిన సంగతి ఒకటి మాటలూ బొమ్మలూ కలిపి వేయండి, బుడగలు మాత్రం ఈ రెండు రకాలే ఉండాలి అన్నాను. నలభైమందిలో పదహారుమంది దయ్యాలే వేశారు, అనుకున్నదే. ఒకడు ఇంటికొచ్చిన అప్పులాయన మోటారు సైకిలు వేశాడు. మనిషి లేడు, బండి ఒక్కటే గుమ్మం నిండా ఉంది.

బీడీలు చుట్టే ఇంటి పిల్ల ఒకతె వాళ్ల నానమ్మను వేసింది. ఒళ్లో చాట, ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల మాట ఒక్కటే: "గామె ఒక్కతే ఉంటది, రాత్రి దీపం పెట్టుకోని ఏం చేస్తదో." దానికి పిట్ట బుడగ గీసి, కొట్టేసి, పక్కన తేలు కొండి పెట్టింది. కొట్టేసిన పిట్ట కూడా కనిపిస్తూనే ఉంది. ఎందుకు మార్చావమ్మా అన్నాను. "ముందుగాల మంచిగనే అన్నరు సార్" అంది. ఇంకేం అడగలేదు.

మహారాష్ట్రలో 2013లో, నరేంద్ర దాభోల్కర్ హత్య తరువాత, ఇలాంటి దురాచారాల మీద చట్టం వచ్చింది. మా వాడ మనిషి మంజీర దాటిపోయిన ఇరవై ఏళ్లకు. అప్పటికామె బతికి ఉందో లేదో మా అమ్మను అడిగాను. ఆమె పేరు ఎత్తగానే అమ్మ చాట పక్కన పెట్టి లోపలికి పోయింది.

పిల్లల బొమ్మలు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. దయ్యాలవి కూడా. అచ్చువేయడానికి ఖర్చనుకోకపోతే వచ్చే సంచికకు నాలుగైదు పంపుతాను. పిట్టను కొట్టేసిన ఆ బొమ్మను మాత్రం కొట్టివేతతో సహా అచ్చువేయాలని సంపాదకులకు మనవి.